పిల్లులున్న ఇంట్ల ఆస్తమా మనిషి: పన్నెండేండ్ల అనుభవంతోని చెప్తున్న

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. పెండ్లయి ఏడు నెలలు, నీ దగ్గర ముందు నుంచే రెండు పిల్లులు, మరదలుకు చిన్నప్పుడు ఆయాసం ఉండె గానీ మధ్యల చాన ఏండ్లు ఏం లేకుండె, ఇప్పుడు కాజీపేటల మీ ఇంటికొచ్చినంక ముక్కు కారుడు, రాత్రి రెండు మూడింటికి దగ్గు, ఛాతిల పిల్లికూతలు. బతుకమ్మకు పుట్టింటికి పోయి పది రోజులు మంచిగున్నది, తిరిగొచ్చిన రాత్రే మళ్ల పట్టుకున్నది. మీ అమ్మ పిల్లుల్ని సంచిల ఏసి ఊరవతల వదిలి రమ్మంటున్నది, మరదలేమో వద్దే వద్దు నేను సర్దుకుంట అంటున్నది. ఏం చెయ్యాలె అని అడిగినవ్.

నేను డాక్టర్‌ను కాదు. ఫార్మసీ చదివిన, హన్మకొండల పద్దెనిమిదేండ్లుగ మెడికల్ షాపు నడుపుతున్న. మా ఆయనకు ఆస్తమా. ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల గుమాస్తా, అంటే మిర్చి ఘాటు, పత్తి దుమ్ము మధ్యల్నే రోజంత. 2013 నుంచి మా ఇంట్ల పిల్లులున్నయి. మొదలు చుక్కి అని ఆడపిల్లి, రెండేండ్లకు పోతరాజు అని మగపిల్లి, ఇప్పుడు చుక్కి ఒక్కతే, ముసలిదైంది. షాపుల చూసింది, ఇంట్ల చూసింది రెండు కలిపి చెప్తున్న, జర పొడుగైతది, ఓపికతోని చదువు.

అన్నిటికన్న ముందు ఆ "నేను సర్దుకుంట" అన్న మాట గురించి. నువ్వు రాసిన దాంట్ల నాకు భయమైంది పిల్లులతోని కాదు, ఆ మాటతోని. మా ఆయన గూడ గట్లనే అన్నడు. పోతరాజు వచ్చినంక ఆయనకు రాత్రి ఆయాసం ఎక్కువైంది, కానీ నాకు చెప్పలే. నిద్రల మెలకువ వస్తే ఫోన్ మాట్లాడొస్త అని మేడ మీదికి పోయి అక్కడ పంపు, అంటే ఇన్‌హేలర్, కొట్టుకొని వచ్చేటోడు. మూడు నెలలు గట్లనే నడిపిండు. షాపు నాది, పంపులు నా దగ్గరియే, లెక్క చూస్తే తెలిసేది, చూడలే. సంక్రాంతి దాటినంక ఒక రాత్రి లేచి చూస్తే మంచం అంచుకు కూసొని రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టి ముందుకు వంగి ఉన్నడు, ఏమైంది అంటే మాట పూర్తి చేయలేకపోతున్నడు, ఒక్కొక్క పదం ఇరిగి ఇరిగి వస్తున్నది, మెడ కింద గుంట లోపలికి గుంజుతున్నది. పంపు కొట్టినా తగ్గలే. దవాఖానకు తీస్కపోయి నెబులైజర్, ఆక్సిజన్, స్టెరాయిడ్ సూది, రెండు రోజులు అక్కడనే. తేరుకున్నంక ఎందుకు చెప్పలే అని అడిగితే, చెప్తే వాడ్ని పంపిస్తవ్ కదా అన్నడు.

అందుకని మీ ఇంట్ల ఫస్ట్ రూల్ ఇది పెట్టు. మరదలుకు ఆయాసం వచ్చిందని చెప్పినందుకు ఆ రోజే పిల్లుల్ని పంపించేది ఉండదు, మీ అమ్మ ఏమన్నా సరే. ఆ మాట నువ్వు ముందు ఇయ్యాలె, అప్పుడే ఆమె నిజం చెప్తది. దాచిన ఆయాసమే మనిషిని తీస్కపోతది. ఇంకోటి, రాత్రి మాట పూర్తి చెయ్యలేనంత ఆయాసం, పెదవులు నీలం అవుడు, పంపు కొట్టినా తగ్గకపోవుడు, తగ్గినట్టే తగ్గి నాలుగు గంటలు గాకముందే మళ్ల పట్టుకునుడు, వీటిల ఏది కనబడ్డా తెల్లారెదాక ఆగొద్దు, 108కు ఫోన్ చేసి పంపు కొట్టుకుంటనే దవాఖానకు పోవాలె.

ఇగ పిల్లి సంగతి. మన దిక్కు ఛాతిల వచ్చే ఆ ఈల సౌండ్‌ను పిల్లికూతలు అంటరు, దాంతోని పెద్దోళ్లు పిల్లి వెంట్రుక కడుపులకు పోయిందనే అనుకుంటరు. అసలు సంగతి వెంట్రుక కాదు. పిల్లి ఉమ్మిల, చర్మం కింది నూనె గ్రంథులల్ల ఒక ప్రోటీన్ తయారైతది, దాని పేరు ఫెల్ డి 1. పిల్లి పొద్దంత ఒళ్లు నాక్కుంటది కదా, ఆ ఉమ్మి వెంట్రుకలకు అంటి ఆరిపోయి పొడి పొడిగ రాలుతది. ఆ పొడిల కొంత ఎంత సన్నగ ఉంటదంటే గాలిల గంటల తరబడి తేలుతనే ఉంటది, పీలిస్తే ఊపిరితిత్తుల లోపలి దాక పోతది. పైగ జిగట గుణం, గోడకు, పరదాకు, పరుపుకు, మన అంగికి అంటుకుంటది. పిల్లి లేని ఇండ్లల్ల, స్కూళ్లల్ల గూడ అది దొరుకుతది, మన బట్టల మీద ఎక్కి పోతది. గందుకే వెంట్రుకలు ఊడ్చేసినం అయిపోయింది అనుకోవద్దు. వెంట్రుక కనబడుతది, ఇది కనబడదు.

బొచ్చు ఎక్కువున్న పర్షియన్ పిల్లికి ఎలర్జీ ఉండదు, ఫలానా జాతి పిల్లి అయితే పడుతది అని అమ్మేటోళ్లు చెప్తరు, వేలకు వేలు పెట్టి కొనుక్కొని వచ్చి మళ్ల నా షాపుకే వస్తరు ట్యాబ్లెట్ల కోసం. ఫెల్ డి 1 అస్సలు లేని పిల్లి జాతి లేదు తమ్మీ. ఒక పిల్లికి ఇంకో పిల్లికి తేడా ఉంటది, అది జాతిని బట్టి చెప్పలేం. ఒక్కటి మాత్రం గట్టిగ చెప్పొచ్చు, పిల్లలు పుట్టకుండ చేసే ఆపరేషన్ చేయించని మగపిల్లి దగ్గర ఇది ఎక్కువ ఉంటది. ఆపరేషన్ అయినంక తగ్గుతది. నీ రెండిట్ల మగది ఉంటే, ఆపరేషన్ కాకుంటే ఈ నెలనే చేయించు. ఇంట్ల మూల మూలకు మూత్రం చిమ్ముడు గూడ చాన మటుకు తగ్గుతది. మామునూరుల వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ అడుగు, లేదా సర్జరీ రోజూ చేసే ప్రైవేట్ డాక్టర్‌ను పట్టుకో.

కానీ ముందు పిల్లేనా కాదా అనేది తేలాలె. పుట్టింట్ల పది రోజులు మంచిగున్నది అన్నవ్, అది పెద్ద గుర్తే. కొన్ని రోజులు దూరం ఉండి తిరిగొస్తే మొదటి రాత్రే గట్టిగ పట్టుకునుడు గూడ పిల్లి ఎలర్జీ ఉన్నోళ్లల్ల కనబడేదే. అయినా దానితోనే తీర్పు చెప్పలేం, ఎందుకంటే పుట్టింట్ల పరుపు వేరు, కొత్త సున్నం ఉండకపోవచ్చు, వంటింటి పొగ వేరు, బొద్దింకలు లేకపోవచ్చు. చాన మంది దీన్ని తిరగేసి చేస్తరు, పిల్లిని పది రోజులు ఎవరింట్లనో పెట్టి, తగ్గలేదు కాబట్టి పిల్లి కాదు అని డిసైడ్ అయితరు. అది తప్పు పరీక్ష. పిల్లి పోయినంక గూడ ఆ ప్రోటీన్ ఇంట్ల నెలల తరబడి ఉంటది, మామూలుగ తుడుచుకుంట ఉన్నా పిల్లి లేని ఇంటి లెక్కకు రావాలంటే ఐదారు నెలలు పడుతది. పది రోజులల్ల ఏం తెల్వదు.

ఎలర్జీ చూసే డాక్టర్ దగ్గరికి లేదా ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి తీస్కపో. చేతి మీద చుక్కలు పెట్టి చిన్నగ గుచ్చే పరీక్ష ఉంటది, పదిహేను ఇరువై నిమిషాలల్ల దద్దు లేస్తే తెలుస్తది. దానికి ముందు వారం రోజులు సెట్రిజిన్ లాంటి ఎలర్జీ గోలీలు బంద్ పెట్టాలె, లేకుంటే దద్దు లేవదు, ఏం లేదని రిపోర్ట్ వస్తది. డాక్టర్ చెప్పకుండ ఆస్తమా పంపు మాత్రం ఆపొద్దు. గోలీలు ఆపలేని పరిస్థితి ఉంటే రక్తంల పిల్లికి ప్రత్యేకంగ ఐజీఈ, అంటే ఎలర్జీ ఉన్నోళ్ల ఒంట్ల తయారయ్యే యాంటీబాడీ, చూస్తరు. ఉత్త టోటల్ ఐజీఈ చేయించుకొని నంబర్ ఎక్కువుంది అంటే ఏదో ఒక ఎలర్జీ గుణం ఉందనే గానీ దేనికో చెప్పదు. మా ఆయనకు పిల్లి వచ్చింది, పరుపు దుమ్ముల ఉండే కంటికి కనబడని పురుగు వచ్చింది, బొద్దింక వచ్చింది. మూడు. ఆయన నిందంత మార్కెట్ మిర్చి మీద ఏసిండు, నేను పోతరాజు మీద ఏసిన, అసలుకు పరుపు సగం దొంగ. ఫిబ్రవరి మార్చిల మిర్చి సీజన్ వస్తే ఆ ఘాటు మీదికెళ్లి కలుస్తుండె.

ఇది మంచిగ అర్థం చేసుకో, ఎందుకంటే ఆస్తమా ఒక బిందె లెక్క. పిల్లి ఇంత, పరుపు దుమ్ము ఇంత, అగర్‌బత్తి పొగ ఇంత, చలిగాలి ఇంత, అన్ని కలిసి నిండినప్పుడు పొర్లుతది. పిల్లిని తీయకముందు మిగతయి ఎంత తీయగలమో చూడాలె. దోమల చక్రం బిళ్ల, సాంబ్రాణి, అగర్‌బత్తి ఇంట్ల పూర్తిగ బంద్ చెయ్. దేవుని దగ్గర దీపం చాలు, మీ అమ్మకు మెల్లగ చెప్పు, మా అత్తమ్మ మొదలు అలిగింది గానీ కొడుకు రాత్రి నిద్రపోతున్నడని చూసినంక తనే బంద్ చేసింది. ఎండుమిర్చి వేయించేటప్పుడు, పోపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి మరదల్ని వంటింట్ల నుంచి బయటికి పంపు. నువ్వు సిగరెట్ తాగుతవో లేదో రాయలే, తాగుతే బాల్కనీల తాగినా లెక్కే, అంగి మీద వాసన లోపలికి వస్తది.

మందుల సంగతి ఇంకా ముఖ్యం, షాపుల రోజూ చూసే తప్పు ఇది. నీలం రంగు పంపు, సాల్బుటమాల్ది, కొట్టంగనే ఊపిరి ఆడుతది కాబట్టి అదే మందు అనుకుంటరు. అది ఊపిరి గొట్టాల చుట్టు బిగిసిన కండరాన్ని కొద్దిసేపు వదులు చేస్తది, అంతే. లోపలి వాపు అట్లనే ఉంటది. వాపు తగ్గించేది పీల్చే స్టెరాయిడ్, బుడెసొనైడ్ లాంటిది. అది డాక్టర్ చెప్పినట్టు వాడాలె, మంచిగున్న రోజు గూడ. ప్రపంచమంతా ఫాలో అయ్యే గీనా అనే ఆస్తమా సంస్థ గైడ్‌లైన్స్‌ల 2019 నుంచి ఉత్త సాల్బుటమాల్ ఒక్కదాని మీద ఆస్తమాను నడపొద్దని చెప్తున్నరు. అదే లెక్కల, వారంల రెండుసార్ల కన్న ఎక్కువ పంపు అవసరం పడితే, పగలు వారంల రెండుసార్ల కన్న ఎక్కువ ఆయాసం వస్తే, రాత్రి ఒక్కసారైనా ఆయాసంతోని మెలకువ వస్తే, కంట్రోల్ల లేనట్టే. ఒక సాల్బుటమాల్ పంపుల 200 సార్లు కొట్టే మందు ఉంటది. ఏడాదిల మూడు పంపులు ఖాళీ అవుతున్నయంటే ఆ మనిషికి పెద్ద అటాక్ వచ్చే ప్రమాదం ఎక్కువని అర్థం. నేను ఇప్పుడు మూడో పంపు అడిగినోళ్లను ఆపి ఆఖరుసారి డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోయినవ్ అని అడుగుతున్న. మరదలుకు ఎన్ని అయినయో లెక్క తీయి.

స్టెరాయిడ్ అంటే భయం, పంపు అంటే అలవాటు అయితదని భయం, పెండ్లి కాని ఆడపిల్లల అమ్మనాయిన్లయితే పంపును పేపర్ల చుట్టి తీస్కపోతరు. ఒక లెక్క చెప్త చూడు. సాల్బుటమాల్ పంపు ఒకసారి కొడితే 100 మైక్రోగ్రాములు, అదే మందు 4 మిల్లీగ్రాముల గోలి మింగితే నలభైసార్లు కొట్టినంత మందు ఒళ్లంత తిరుగుతది. పంపు మందు తక్కువ, నేరుగ ఊపిరితిత్తులకే పోతది. స్టెరాయిడ్ కూడ గట్లనే. పీల్చినంక నోరు పుక్కిలించి ఉమ్మేయాలె, లేకుంటే నాలుక మీద తెల్లపూత వస్తది, గొంతు బొంగురు పోతది. ఊర్లల్ల ఆయాసం రాంగనే సూది ఏయించుకొని వస్తరు చూడు, ఆ సూదులల్ల చాన మటుకు ఉండేది స్టెరాయిడే, అది ఎక్కువ మోతాదుల. పీల్చే దానికి భయపడి దానికి చెయ్యి చాపుతరు.

పంపు కొట్టుకునే పద్ధతి గూడ చూడు. మందు నోట్లనే ఆగిపోతే లోపలికి ఏం పోయినట్టు? ప్లాస్టిక్ డబ్బా లాంటి స్పేసర్ పెట్టుకుంటే చాన తేడా వస్తది. వారానికోసారి సబ్బు నీళ్లల్ల కడిగి గాలికి ఆరబెట్టాలె, బట్టతోని తుడవొద్దు. క్యాప్సూల్ పెట్టి పీల్చే మిషన్ ఉంటది కదా, ఆ క్యాప్సూల్‌ను నీళ్లతోని మింగినోళ్లు నా దగ్గరికి ఒక్కరు కాదు చాన మంది వచ్చిండ్రు, తగ్గుతలేదు మేడం అనుకుంట. వాళ్ల తప్పు కాదు, ఎవ్వరు చూపించలే. నీ షాపాయనను చూపించమని అడుగు, నిలబెట్టి అడుగు.

సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ ముక్కుకు, కండ్లకు, దురదకు పని చేస్తయి, ఆస్తమాకు కాదు. మాంటెలుకాస్ట్ కలిపిన గోలి మన దిక్కు చాక్లెట్ లెక్క అమ్ముడుపోతది, కొందరికి పని చేస్తది నిజమే, కానీ పీడకలలు, చిరాకు, మనసు కుంగుడు లాంటియి రావచ్చని అమెరికాల మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2020ల గట్టి హెచ్చరిక పెట్టించింది. మరదలు అది వాడుతుంటే నిద్ర ఎట్లుంది, మనసు ఎట్లుంది అని గమనించు, మార్పు కనబడితే డాక్టర్‌కు చెప్పు. ముక్కు ఎప్పుడూ బిగుసుకుంటే ముక్కుల కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఉంటది, అది వాడితే రాత్రి దగ్గు గూడ చాన మందికి తగ్గుతది. చేప మందు గురించి మీ అమ్మ చెప్పింది అన్నవ్. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు పోతే నమ్మకంతోని పోండి, నేను వద్దన. పంపు మాత్రం జేబుల ఉండాలె, ఆ ప్రసాదం తీస్కున్నమని ఒక్క పూట గూడ ఆపొద్దు. ఆపి వచ్చినోళ్లను చూసిన.

ఇప్పుడు ఇల్లు. దీంట్ల ఒక్కటే చేయగలుగుతవ్ అంటే పడక గది తలుపు ముయ్యి. పిల్లులు ఆ గదిలకు రావొద్దు, పగలు రావొద్దు, రాత్రి రావొద్దు, తలుపు కాడ అరిచినా రావొద్దు. మనిషి రోజుల ఏడెనిమిది గంటలు ఆ గాలే పీలుస్తడు, మూతి దిండుల పెట్టుకొని. మొదటి వారం చుక్కి తలుపు గీకి గీకి ప్రాణం తీసింది, మా ఆయన పాపం లోపల్నుంచి దాంతోని మాట్లాడేటోడు. రెండో వారం నుంచి హాల్ల సోఫా కింద పండుడు అలవాటైంది. తలుపు మూసుడు మొదలుపెట్టే ముందు ఆ గదిని ఒకసారి పూర్తిగ దులుపు, అంటే పరుపు కవర్, దుప్పట్లు, బొంతలు, పరదాలు అన్ని ఉతుకు, అల్మారల బట్టలు గూడ, గోడలు తడిబట్టతోని తుడువు, ఫ్యాన్ రెక్కలు తుడువు. పాత దూది పరుపు అయితే మార్చు, లేకుంటే జిప్పు ఉన్న దట్టమైన కవర్ తొడుగు, పరుపు పురుగుకు గూడ అదే మందు. పరుపును ఎండల ఏస్తె పురుగుకు మంచిదే గానీ పిల్లి ప్రోటీన్ ఎండకు పోదు, అది ఉతికితేనే పోతది. దుప్పట్లు వారానికోసారి వేడి నీళ్లల్ల.

మన ఇండ్లల్ల ఒక అదృష్టం ఏంటిదంటే కార్పెట్లు ఉండయి. బండలు, టైల్స్. చీపురు పట్టి ఊడ్వకు, పొడి చీపురు ఆ సన్న పొడినంత గాలిల లేపుతది, ఊడ్చినంక గంట సేపు ఆ ఇంట్ల ఉంటే ఇంకా ఎక్కువ పీలుస్తం. తడిబట్ట పెట్టి తుడువు, రోజూ. నువ్వు తుడువు, మరదలు కాదు. నీ పిల్లులు కాబట్టి ఆ పని నీది, ఆమె ఆ టైమ్‌ల వేరే గదిల ఉండాలె. పని మనిషి ఉంటే ఆమెకు చీపురు బంద్ అని చెప్పు. బట్ట సోఫా మేం తీసేసి టేకు కుర్చీలు ఏసినం, దాంతోని వచ్చిన తేడా నేను అనుకోలే అంత. పిల్లి పండే చోట ఒక పాత కాటన్ చీర మడతపెట్టి ఏస్తే పొద్దంత దాని మీదనే ఉంటది, మూడు రోజులకోసారి దాన్ని ఉతికితే సగం పొడి అక్కడనే పోతది.

పిల్లుల్ని దువ్వుడు నువ్వే, బయట, మేడ మీద. దువ్వినంక అంగి ఇప్పి బకెట్ల ఏసి చేతులు కడుక్కొని లోపలికి రా. మరదలు ముట్టుకోవద్దని నేను చెప్పను, చెప్పినా వినదు, కానీ ముట్టుకున్నంక కండ్లు నలుపుకోవద్దు, చేతులు సబ్బుతోని కడుక్కోవాలె, మొఖం దగ్గర పెట్టుకొని ముద్దు పెట్టుకునుడు బంద్. ఇసుక పెట్టె బాల్కనీల పెట్టు. వరి పొట్టు, రంపపు పొట్టు వాడకు, దుమ్ము లేస్తది. తానం పోసుడు గురించి అందరు చెప్తరు, పోస్తె తగ్గేది నిజం, కానీ రెండు రోజులకే మళ్ల మామూలైతది, వారంల రెండుసార్లు పిల్లికి తానం పోసుడంటే దాన్ని, మనల్ని ఇద్దర్ని హింస పెట్టినట్టు. తడిబట్టతోని ఒళ్లు తుడువు చాలు. విదేశాలల్ల 2020 నుంచి ఒక పిల్లి తిండి వస్తున్నది, కోడిగుడ్డు నుంచి తీసిన యాంటీబాడీ దాంట్ల ఉంటది, పిల్లి ఉమ్మిల ఫెల్ డి 1కు అంటుకొని దాని పని ఆపుతది, మూడో వారం నుంచి సగానికి దగ్గరగ తగ్గిందని ఆ కంపెనీ వాళ్ల లెక్క. సగం తగ్గుడు మంచిదే, పడక గది తలుపు తెరిచేటంత మంచిది కాదు.

ఎయిర్ ప్యూరిఫైయర్ కొనాలా అన్నవ్. కొంటే హెపా ఫిల్టర్‌దే కొను, పడక గది సైజుకు సరిపోయేది, తలుపు కిటికీ మూసి నడుపు. అసలు హెపా అయితే 0.3 మైక్రాన్ పొడిని వందకు 99.97 పట్టాలె. ఓజోన్ వదిలేటియి వద్దు, ఓజోన్ ఆస్తమాకు ఇంకా చెడ్డది. కానీ పిల్లి పరుపు మీద పండుతుంటే పక్కన ప్యూరిఫైయర్ పెట్టుడు దండగ, గాలిల పొడిని పడుతది గానీ దిండుకు అంటింది ఎట్ల తీస్తది? ముందు తలుపు, తర్వాత పరుపు, ఆ తర్వాతనే మిషన్.

అన్నిటికన్న కష్టం ఎండకాలం. మే నెలల మన దిక్కు 44, 45 డిగ్రీలు కొడుతది, ఏసీ ఉండేది ఒక్క పడక గదిలనే, పిల్లులు ఆ చల్లదనానికి తలుపు కింద మూతి పెట్టి పండుతయి, చూస్తె కడుపుల కలుక్కుమంటది. ఆ నెలల్నే నేను రెండేండ్లు రూల్ తప్పిన, తప్పిన ప్రతిసారి జూన్ల ఆయనకు పంపు ఎక్కువైంది. తర్వాత హాల్ల కిటికీకి కూలర్ పెట్టి పిల్లులకు అక్కడ నీళ్లు, తడి గోనెపట్ట ఏసినం. కూలర్ గడ్డి మాత్రం ప్రతి ఏడు కొత్తది ఏయించాలె, నీళ్లు ఒంపి కడుగుతుండాలె, పాత గడ్డికి బూజు పట్టి ఆ గాలి ఆస్తమాకు పిల్లి కన్న తక్కువేం కాదు. ఏసీ ఫిల్టర్ రెండు వారాలకోసారి కడుగు, అది పెద్ద దుమ్మునే ఆపుతది, సన్న పొడిని కాదు. చలికాలం ఇంకో రకం, తలుపులన్ని మూసి పెడుతం కాబట్టి ఇంట్ల పొడి చిక్కబడుతది. ఎండ ఎక్కినంక రెండు గంటలు కిటికీలు తెరువు.

పిల్లలు కావాలనుకుంటున్నం అని గూడ రాసినవ్. కడుపుతోని ఉన్నప్పుడు పంపు ఆపుతరు చాన మంది, బిడ్డకేమన్న అయితదేమో అని. తిరగేసి ఆలోచించు, తల్లికి ఊపిరి అందకుంటే బిడ్డకు ఎక్కడికెళ్లి అందుతది? బుడెసొనైడ్ గర్భిణులల్ల బాగ వాడిన మందు, డాక్టర్‌ను అడిగి కంటిన్యూ చేయాలె. ఇసుక పెట్టె మాత్రం ఆ తొమ్మిది నెలలు నువ్వే తీయాలె, రోజూ తీయాలె. పిల్లి మలంల టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండొచ్చు, అది బయటపడ్డంక ఒక రోజు నుంచి ఐదు రోజులల్ల అంటుకునే స్థితికి వస్తది, ఏ రోజుకారోజు తీసేస్తే ఆ ప్రమాదం చాన తగ్గుతది. పచ్చి మాంసం పిల్లులకు పెట్టకు.

ఎలర్జీ సూదుల కోర్సు, అంటే పడని దాన్నే కొద్ది కొద్దిగ ఎక్కించి ఒంటికి అలవాటు చేసుడు, దాని గురించి అడిగినవ్, మూడు నుంచి ఐదేండ్లు పడుతది, ఆస్తమా కంట్రోల్ల ఉన్నప్పుడే మొదలుపెట్టాలె, ప్రతి సూది తర్వాత అరగంట క్లినిక్‌లనే కూసోవాలె. కడుపుతోని ఉన్నప్పుడు కొత్తగ మొదలుపెట్టరు. కాబట్టి మీరిద్దరు ప్లాన్ చేసుకునేముందే ఎలర్జీ డాక్టర్‌తోని మాట్లాడండి.

ఇదంతా చేసినంక గూడ తగ్గకపోతే ఏంటిది అనేది దాచకుండ చెప్త. మేం అన్ని చేసినం, మందు సరిగ్గ వాడిండు, తలుపు మూసినం, పోతరాజుకు ఆపరేషన్ అయింది. నాలుగు నెలలు చూసినం. పీక్ ఫ్లో మీటర్ అని గట్టిగ ఊదే చిన్న గొట్టం ఉంటది, ఊపిరి ఎంత జోరుగ బయటికి వస్తున్నదో నంబర్ చూపిస్తది, పెద్ద ఖరీదు కాదు. మంచిగున్న రోజులల్ల మా ఆయనది 420, అటాక్ వచ్చిన వారం 210. తనకు బెస్ట్ వచ్చిన నంబర్‌ల వందకు 80 పైన ఉంటే పర్వాలేదు, 50కి 80కి మధ్య అంటే జాగ్రత్త పడాలె, 50 కింద అంటే దవాఖాన. నాలుగు నెలల నోట్‌బుక్ చూస్తే ఆయన 300, 310 దాటుతలేడు. రెండు పిల్లులు ఆ ఇంటికి ఎక్కువైనయి. పోతరాజును పరకాలల మా చెల్లె ఇంటికి పంపినం. పెద్ద వాకిలి, పాలు అమ్మే ఇల్లు, మా చెల్లె పిల్లలకు వాడంటే ప్రాణం. వాడు పండే చీర, గిన్నె, ఇసుక పెట్టె అన్ని తోటి పంపినం, మొదటి పదిహేను రోజులు ఒక్క గదిలనే పెట్టి ఇల్లు అలవాటు చేసిండ్రు, ఎందుకంటే వదిలిపెడితే పాతిల్లు ఎతుక్కుంట పోతయి. మా ఆయన ఆ రోజు అన్నం తినలే. ఆరు నెలల తర్వాత నోట్‌బుక్‌ల 390, 400 పడుడు మొదలైంది, చుక్కి ఉండంగనే.

సంచిల ఏసి వదిలేసుడు మాత్రం చెయ్యకు తమ్మీ, ఎంత ఒత్తిడి ఉన్నా. ఇంట్ల పెరిగిన పిల్లికి కుక్కలతోని, బండ్లతోని బతుకుడు రాదు. ముందు ఇల్లు దొరకాలె, తర్వాత పిల్లి పోవాలె. మీ అమ్మకు చెప్పు, మూడు నెలల టైమ్ ఇయ్యమని, ఆ మూడు నెలలు కోడలు ఊపిరి నంబర్ రాసి చూపిస్త అని. మా అత్తమ్మ నా మాట వినలే గానీ నోట్‌బుక్ చూసి విన్నది.

ఇప్పుడు నువ్వు చేసేది, రేపు పొద్దుగాల ఒక మీటర్ కొను. పొద్దున మందు వేసుకోకముందు, మళ్ల రాత్రి పండుకునే ముందు, నిలబడి మూడుసార్లు ఊదాలె, మూడిట్ల ఎక్కువ వచ్చింది రాయాలె. పక్కన పంపు ఎన్నిసార్లు కొట్టింది, రాత్రి లేచిందా లేదా అది గూడ రాయి. పడక గది తలుపు ఈ రాత్రి నుంచే ముయ్యి. రెండు వారాల నంబర్లు, డాక్టర్ రాసిన మందు పేర్లు, నీ రెండు పిల్లులు ఆడయా మగయా రాసి పెట్టు, చూసి చెప్త.